పాత పడవలో పాతబడేదేమిటి?

“ముప్ఫై ఏళ్ళ నాటి పడవ. చవగ్గా ఇస్తానంటున్నాడు. కొనొచ్చా?”

కాలిఫోర్నియాలోనో ఫ్లోరిడాలోనో సముద్రానికి దగ్గర్లో ఇల్లున్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. పొరుగువాళ్ళ పెరట్లో, ఎండుటాకుల కింద, ట్రెయిలర్ మీద ఒక జంటదోనెల పడవ ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. రంగు వెలిసిపోయి, ముట్టుకుంటే చేతికి తెల్లటి పొడి అంటుతుంది. దోనెల మధ్య బిగించిన బట్ట చిరిగింది. తాళ్ళకి నాచు పట్టింది. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు మాత్రం ఇంకా తళతళలాడుతున్నాయి. కొనేవాళ్ళు రంగు చూసి వెనకాడతారు, తీగలు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. రెండూ తప్పే. ఆ తెల్ల పొడి వల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ఆ తళతళలాడే తీగ తెగిందంటే మాత్రం ఎనిమిది మీటర్ల అల్యూమినియం స్తంభం నెత్తిమీద పడుతుంది.

పడవ మొత్తానికి ఒకే వయసు ఉండదు. ఎండ బట్టని తింటుంది, తీగని తినదు. ఉప్పునీరు తీగని తింటుంది, ఫైబర్‌గ్లాస్ జోలికి అంతగా పోదు. ఫైబర్‌గ్లాస్‌కి శత్రువు వేరే ఉంది. అందుకని ఏ భాగం ఎంత పాతదో విడివిడిగా లెక్కగట్టాలి. అన్నిటికంటే వేగంగా పాతబడేవి కంటికి కనపడని చోట్ల ఉంటాయి.

పాతవాటిలో ఎక్కువగా దొరికేది హోబీ 16 కాబట్టి దాన్నే తీసుకుందాం. దాన్ని తయారుచేసిన హోబార్ట్ ఆల్టర్‌ని అందరూ హోబీ అనేవారు. 1950లలో దక్షిణ కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చేసి అమ్మేవాడు. బాల్సా కర్ర వదిలేసి, ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ కప్పి బోర్డులు చేయడం మొదలుపెట్టిన తొలి తరంవాళ్ళలో అతనొకడు. 1960ల చివర్లో అదే పనితనాన్ని పడవ మీదికి మళ్ళించాడు. నేరుగా ఇసుక మీదికొచ్చి ఆగే పెద్ద జంటదోనెల పడవలు హవాయిలోని వైకీకీ తీరంలో అప్పటికే ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఇసుకలో ఈడ్చుకుపోగలిగినంత తేలిక పడవ చేయాలన్నది హోబీ పట్టుదల. ముందు 14 అడుగులది చేశాడు. 1970 ప్రాంతంలో 16 అడుగులది వచ్చింది. అవి లక్షకు పైగా తయారయ్యాయి.

దాని పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, బరువు 145 కిలోలు. అంత తేలిక పడవ మీద 20 చదరపు మీటర్ల తెరచాపలు! గాలి వీస్తే బోల్తా పడదా అని అడగొచ్చు. పడనివ్వనిది వెడల్పు. గాలి ఒక పక్కకి తోస్తుంటే, ఆ పక్క దోనె ఆధారంగా పడవ తిరగబోతుంది. పడవ బరువు సరిగ్గా మధ్యనుంచి దాన్ని కిందికి లాగుతుంది. గాలివైపు దోనె మీద కూర్చున్న మనిషి దూరం అందుకు రెట్టింపు. కాబట్టి 65 కిలోల మనిషి అక్కడ కూర్చుంటే, పడవ మధ్యలో 130 కిలోలు పెట్టినట్టే. నడుముకి తీగ తగిలించుకుని, కాళ్ళు అంచు మీద ఆనించి, ఒళ్ళంతా బయటికి వాలిస్తే ఇంకా ఎక్కువ. ఈ బరువులకీ గాలికీ మధ్య పెనుగులాటంతా తీగల మీదా, దోనెల మీదా, వాటిని కలిపే కడ్డీల మీదా జరుగుతుంది. పాత పడవని పరీక్షించడమంటే ఆ బలం ఏ దారిన పోతోందో చూసుకుంటూ వెంట నడవడమే.

డొల్ల దోనెలు

ఉత్తరాంధ్ర తీరంలో జాలర్లు తరతరాలుగా వాడిన తెప్ప దుంగల్ని తాళ్ళతో బిగించి కట్టింది. దానికి చిల్లు పడే భయం లేదు. కర్ర నీటికంటే తేలిక గనక తేలుతుంది. నీళ్ళు సందుల్లోంచి వచ్చి సందుల్లోంచే పోతాయి. హోబీ దోనె తేలేది లోపల మూసిపెట్టిన గాలి వల్ల. అందుకే దాని కష్టాలన్నీ గోడకి సంబంధించినవి.

ఆ గోడ మూడు పొరలు. బయట పలచటి ఫైబర్‌గ్లాస్, లోపల మరో ఫైబర్‌గ్లాస్, మధ్యలో ఫోమ్. గోడ మీద మోకాలు ఆనిస్తే బయటి పొర నొక్కుకుపోబోతుంది, లోపలి పొర సాగబోతుంది. ఫోమ్‌కి సొంత బలం పెద్దగా లేదు. ఆ రెండు పొరలూ దగ్గరకి రాకుండా, ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టి ఉంచడమే దాని పని. అవి ఎంత ఎడంగా ఉంటే గోడ అంత గట్టిగా ఉంటుంది. ఏళ్ళు గడిచి ఫోమ్‌కీ పొరకీ మధ్య అతుకు ఊడిందనుకోండి. పదార్థం ఒక్క గ్రాము కూడా తగ్గదు. గట్టిదనం మాత్రం పోతుంది. పొరలు విడివిడిగా వంగడం మొదలవుతుంది, వంగిన ప్రతిసారీ పక్కనున్న అతుకు మరికొంచెం ఊడుతుంది. పైనుంచి చూస్తే నున్నగా, మెరుస్తూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి చెవి చాలు. కుండ కొనేటప్పుడు వేలి గణుపుతో తట్టి చూస్తాం కదా, అలాగే ఒక నాణెంతో దోనె పొడవునా రెండంగుళాలకొకసారి తట్టుకుంటూ పోవాలి. అతుకు బాగున్నచోట ఖంగుమంటుంది. ఊడినచోట బొదబొదమంటుంది. అనుమానం వచ్చిన చోట బొటనవేలితో నొక్కితే లొత్తపడుతుంది. హోబీ 16లో ఇది ఎక్కువగా కనపడేది ముందు అడ్డకడ్డీకి కాస్త ముందున్న పైభాగంలో. అరచేయంత మేర మెత్తబడితే బాగుచేసుకోవచ్చు. మూరెడు పొడవు మెత్తబడి, అది పక్కగోడలోకి కూడా దిగి ఉంటే బేరం వదిలేసి రావడమే మేలు.

బాగుచేసే పద్ధతి వినడానికి మోటుగా ఉంటుంది. మెత్తబడిన చోట బయటి పొరకి మాత్రమే, అంగుళం ఎడంలో సన్నటి రంధ్రాలు వేస్తారు. పలచటి ఎపాక్సీ జిగురుని సిరంజితో ఒక రంధ్రంలోకి ఎక్కిస్తూ పోతే పక్క రంధ్రంలోంచి బయటికి వస్తుంది. అప్పుడా పక్కదానిలోకి. చివరికి పైన పాలిథీన్ పరిచి బరువు పెడతారు. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. లోపల తడి ఉంటే ఎపాక్సీ పట్టదు, కాబట్టి ముందు కొన్నాళ్ళు ఎండనివ్వాలి. రెండోది, ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనంతట తనే వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. గిన్నెలో ఒకేసారి ఎక్కువ కలిపితే నిమిషాల్లో పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెంగానే కలుపుకోవాలి. ఆ తర్వాత నున్నగా గీకేటప్పుడు మూతికి మాస్కు తప్పనిసరి. గాజుపొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

దోనె అడుగు వేరే రకంగా అరుగుతుంది. ఈ పడవకి నీళ్ళలోకి దించే పలక ఉండదు. దోనె అడ్డకోతే ఒక పక్క చదునుగా, ఇంకో పక్క గుండ్రంగా ఉండి, పడవ పక్కకి జారిపోకుండా ఆపుతుంది. దానివల్ల నేరుగా ఇసుక మీదికి ఎక్కించేయొచ్చు. ఎక్కించిన ప్రతిసారీ ఇసుక అడుగుని గీకుతుంది. పాత పడవల్లో అడుగున పొర అరిగి నార బయటపడి ఉండొచ్చు. పొడవునా కొత్త ఫైబర్‌గ్లాస్ పట్టీలు అతికిస్తే సరిపోతుంది. ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోగల పని.

ఇక గాలి సంగతి. దోనె వెనక నీళ్ళు పోవడానికి బిరడా ఉంటుంది. పడవ ఒడ్డున ఉన్నంతసేపూ ఆ బిరడా తీసి ఉంచాలని అనుభవజ్ఞులు పోరుపెడతారు. ఎందుకో లెక్క చూద్దాం. పొద్దున 25 డిగ్రీలున్నప్పుడు గాలి చొరకుండా మూసిన దోనె, మధ్యాహ్నం ఎండకి లోపల 55 డిగ్రీలకి వేడెక్కిందనుకోండి. లోపలి గాలి ఒత్తిడి సుమారు పదో వంతు పెరుగుతుంది. పదో వంతేగా అనిపిస్తుంది. కానీ వాతావరణం ప్రతి చదరపు మీటరునీ 10 టన్నుల బరువుతో నొక్కుతోంది. అందులో పదో వంతంటే చదరపు మీటరుకి ఒక టన్ను. ఊడటానికి సిద్ధంగా ఉన్న అతుకుల్ని లోపలినుంచి టన్ను బరువుతో తోస్తే అవి ఏమవుతాయో చెప్పనక్కర్లేదు. అదే వేడి దోనెని చల్లటి నీళ్ళలోకి తోస్తే జరిగేది దీనికి వ్యతిరేకం. లోపలి గాలి ముడుచుకుంటుంది, సన్నటి పగులు ఎక్కడున్నా దాంట్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఒత్తిడి సర్దుకోవడానికే తయారీలో ఒక సన్నటి గాలిరంధ్రం పెడతారు. పాత పడవల్లో ఎవరో పుణ్యాత్ముడు దాన్ని చిల్లనుకుని పుట్టీతో మూసేసి ఉంటాడు. వెతికి తెరవాలి.

నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చాలంటే గాలిరంధ్రాన్ని కాసేపు వేలితో మూసి, బిరడా కన్నంలోంచి గొట్టంతో ఊది, అతుకుల మీద సబ్బునీళ్ళు పూయాలి. బుడగలు వచ్చినచోటే కన్నం. నోటితో ఊదితే చాలు. కంప్రెసర్ పెడితే ఏమవుతుందో పై లెక్కలోనే ఉంది.

తీగ లోపల

స్తంభాన్ని నిలబెట్టేవి మూడు తీగలు. రెండు పక్కలకీ చెరొకటి, ముందుకి ఒకటి. ముందుది కిందికొచ్చి రెండుగా చీలి, రెండు దోనెల ముక్కులకీ తగులుతుంది. మూడు మిల్లీమీటర్ల మందం ఉండే ఈ స్టీలు తీగ కొత్తగా ఉన్నప్పుడు 900 కిలోల దాకా తట్టుకుంటుంది. అంత బలం దేనికి, గాలి ఎంత గట్టిగా లాగుతుంది గనక?

చిక్కంతా కోణంలో ఉంది. పక్క తీగ దాదాపు స్తంభాన్ని ఆనుకున్నంత నిటారుగా పైకి పోతుంది. సుమారు ఆరు మీటర్ల తీగ, కింద స్తంభానికి మీటరు ఎడంలో తగులుతుంది. దాని లాగుడులో అడ్డంగా పనిచేసేది ఆరో వంతే. మిగతాదంతా స్తంభాన్ని కిందికి నొక్కడానికే పోతుంది. గాలి స్తంభాన్ని 50 కిలోల బలంతో పక్కకి తోస్తే తీగ 300 కిలోలు లాగాలి. స్తంభం అడుగున అడ్డకడ్డీ మీద కూడా దాదాపు అంతే బరువు పడుతుంది. అది వంగిపోకుండా కింద ఒక సన్నటి కడ్డీ విల్లులా బిగించి ఉంటుంది. దాని నట్టు వదులైందేమో చూడటం రెండు నిమిషాల పని. చాలామంది అసలు కిందికి వంగి చూడరు.

స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదంటారు. పట్టకపోవడానికి కారణం గాలే. అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన అతి పలచటి పొర కడుతుంది. గీత పడితే క్షణాల్లో మళ్ళీ కట్టుకుంటుంది. ఆక్సిజన్ అందని చోట ఆ పొర మళ్ళీ కట్టుకోదు. ఉప్పులోని క్లోరైడు అక్కడ చేరితే సన్నటి గుంటలు తవ్వుకుంటూ లోపలికి పోతుంది. మరి ఆక్సిజన్ అందని చోటేది? తీగ చివర గొట్టంలో నొక్కి బిగించిన భాగం. చెయ్యి కోసుకోకుండా పైన తొడిగిన ప్లాస్టిక్ తొడుగు. బాగా కాపాడినట్టు కనపడే చోట్లే ఇవి. ఉప్పునీళ్ళు లోపలికి దూరతాయి, గాలి ఆడదు. తొడుగు తీసి చూస్తే గోధుమరంగు చారలు, ఒక్కోసారి తెగిన పోగులు కనపడతాయి. పోగులు తెగాయో లేదో చూడటానికి దూదితో తీగ పొడవునా తుడవాలి. తెగిన పోగు దూదిని పట్టుకుంటుంది. వేలితో చూస్తే వేలినే పట్టుకుంటుంది.

దీనికితోడు అలసట. పడవ ట్రెయిలర్ మీద ఊగినా, నీళ్ళలో ఊగినా తీగ గొట్టంలోకి దూరే చోటే వంగుతుంది. ఒక్కో వంపు ఏమీ చేయదు. లక్షల వంపులు చేస్తాయి.

హోబీ 16లో ఇంకో చమత్కారం ఉంది. ముందు తెరచాపని లాగి బిగించగానే స్తంభం బరువంతా ఆ చాప అంచులో కుట్టేసిన తీగ మీదికి వెళ్తుంది. కంటికి కనపడే ముందు తీగ వదులుగా వేలాడుతుంది. అంటే ప్రయాణమంతా స్తంభాన్ని పట్టుకునేది చాప బట్టలో దాగిన తీగ. మూడు తీగలూ మార్చి, దీన్ని మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. ఎన్నేళ్ళదో తెలియని ఏ తీగనైనా మార్చేయాలి. పాత పడవకి మొదటి ఖర్చు ఇదేనని నా అభిప్రాయం. రంగు సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు, ఆ తర్వాతి ఏడాదైనా పర్వాలేదు.

బట్టల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. పాలియెస్టర్ తెరచాపని అతినీలలోహిత కిరణాలు పెళుసుబారుస్తాయి. బట్టకంటే ముందు కుట్టుదారం పోతుంది. గోరుతో కుట్టుని గీకితే దారం తెగిందంటే మళ్ళీ కుట్టించాలి. దోనెల మధ్య బిగించిన బట్ట, అంటే ట్రాంపోలిన్, కూడా అంతే. మోకాలు వేసి గట్టిగా ఒత్తితే తెలుస్తుంది.

స్తంభం లేపే ముందు

పైకి చూడాలి. అన్నిటికంటే ముందు అదే.

స్తంభం అల్యూమినియం. అది పడవ మీద నిలబడితే కొన నేలనుంచి ఎనిమిదిన్నర మీటర్లు దాటుతుంది, ట్రెయిలర్ మీద ఉంటే ఇంకా ఎత్తు. కరెంటు తీగలు ఆ ఎత్తులో ఉండటం మామూలే. పడవ ట్రెయిలర్ మీద ఉండగానే స్తంభం నిలబెట్టి, తాపీగా నీళ్ళవైపు తోసుకుపోతూ తీగలకి తగిలి మనుషులు చనిపోయారు. 1980లలో హోబీ కంపెనీ స్తంభం పై భాగాన్ని కరెంటు పారని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలుపెట్టింది అందుకే. ఆ భాగం ఉంది కదా అని ధీమా పనికిరాదు. దానికి కింద ఉన్నది అల్యూమినియమే, పక్కన ఉన్నవి స్టీలు తీగలే, పైన ఉన్నది ఉప్పుతడి.

లేపడం ఇద్దరి పని. స్తంభం అడుగుని దాని పీటలో పిన్నుతో బిగించాలి, పక్క తీగలు రెండూ ముందే తగిలించి, అవి ఎక్కడా మెలికపడలేదని చూసుకోవాలి. ఒకరు ట్రాంపోలిన్ మీద నిలబడి భుజం మీదికి ఎత్తుకుని ముందుకి నడుస్తారు. ఇంకొకరు ముందు తీగ పట్టుకుని లాగుతారు. తగిలించేదాకా వదలకూడదు. తర్వాత అడుగు పిన్ను తీసేయాలి. గాలివాటాన్ని బట్టి స్తంభం తనచుట్టూ తాను తిరగడం ఈ పడవ స్వభావం. పిన్ను ఉంచేస్తే తిరగలేక విరుచుకుంటుంది.

స్తంభానికి స్టీలు రివెట్లు తగిలిన చోట తెల్లటి బూజులాంటిది కనపడితే అది అల్యూమినియం కరగడం. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీళ్ళలో కలిసి తడిస్తే చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది. అందులో ఎప్పుడూ ఓడిపోయేది అల్యూమినియమే. కొత్త రివెట్టు వేసేటప్పుడు మధ్యలో విద్యుత్తు పారని పేస్టు పూయడం, తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగడం తప్ప వేరే మందు లేదు.

చుక్కాని ఎందుకు బరువెక్కుతుంది?

పాత పడవ కొన్నవాళ్ళు ఎక్కువగా చెప్పుకునే బాధ ఇది. చుక్కాని కర్ర చేతిని లాగేస్తుంది, అరగంటకే భుజం పడిపోతుంది. తెరచాప పాతదనో, స్తంభం వాలు సరిగా లేదనో అనుకుంటారు. స్తంభం బాగా వెనక్కి వాలి ఉంటే గాలి ఒత్తిడి వెనక్కి జరిగి, పడవ ముక్కు గాలివైపు తిరుగుతూ ఉంటుందన్న మాట నిజమే. కానీ చాలాసార్లు దోషం చుక్కాని పలకదే.

ఒడ్డు తగిలితే పలక తనంతట తానే పైకి లేవడం ఈ పడవకున్న గొప్ప సౌకర్యం. అందుకోసం పలక ఒక బోల్టు చుట్టూ తిరుగుతుంది. ఏళ్ళ తరబడి అరిగి బోల్టు కన్నం పెద్దదైతే పలక పూర్తిగా కిందికి దిగదు. కింది కొన వెనక్కి వాలి ఆగిపోతుంది. చుక్కాని తిరిగే ఇరుసుకి పలక మీద పడే నీటి ఒత్తిడి ఎంత దూరంలో ఉంటే చేతికి అంత బరువు. కొన కొద్దిగా వెనక్కి జరిగినా ఆ దూరం రెండింతలో మూడింతలో కావచ్చు. అరిగిన కన్నాన్ని ఎపాక్సీతో నింపి, పలక కొన కాస్త ముందుకి వచ్చేలా కొత్తగా తొలిస్తే పడవ ఒక్క రోజులో మారిపోతుంది. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. కొత్త తెరచాపకి డబ్బు పోసేముందు చేసి చూడాల్సిన పని.

తిరగబడ్డాక

బాగుచేసిన పడవని మొదటిసారి గాలి మెల్లగా ఉన్న రోజున, ఒడ్డుకి దగ్గర్లోనే నడపాలి. గాలి బలం దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకి 12 కిలోమీటర్ల గాలి 24 అయితే తోపు నాలుగింతలు. మెల్లటి గాలిలో నిలిచిన తీగ ఆ పెద్ద గాలిలోనూ నిలుస్తుందని హామీ లేదు. ఒడ్డుకొచ్చాక బిరడాలు తీసి, ఎన్ని నీళ్ళొచ్చాయో చూడాలి. గ్లాసెడు వస్తే పట్టించుకోనక్కర్లేదు. బకెట్లో కొలవాల్సి వస్తే మళ్ళీ సబ్బునీళ్ళ దగ్గరికి. తడిసిన ట్రాంపోలిన్ తాళ్ళు సాగుతాయి, వాటిని ఇంకోసారి బిగించాలి.

ఆ తర్వాత కావాలనే ఒకసారి పడవని తిరగేయాలి. ఎవరూ ఇష్టపడని సలహా ఇది. కానీ స్తంభం లోపలికి నీళ్ళు చొరబడుతున్నాయో లేదో ఇంకే రకంగానూ నమ్మకంగా తెలియదు. మూసిన స్తంభంలోని గాలే పడవని పక్కవాటుగా ఆపుతుంది. రివెట్టు కన్నంలోంచి నీళ్ళెక్కితే స్తంభం మునిగి పడవ పూర్తిగా బోర్లాపడుతుంది. అప్పుడు లేపడం ఇద్దరివల్ల కూడా కష్టం.

లేపే పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. తెరచాప తాళ్ళన్నీ వదిలేసి, పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పి, నీళ్ళలో ఉన్న దోనె మీద నిలబడి, పై దోనెకి కట్టిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. నీళ్ళలోంచి కాస్త లేచిన తెరచాప కిందికి గాలి దూరగానే మిగతా పని అదే చేస్తుంది. అందుకు తాడు మీద వాలిన బరువు సుమారు 135 కిలోలుండాలని అనుభవజ్ఞుల లెక్క. ఒంటరిగా వెళ్ళే సన్నపాటి మనిషికి అది చాలదు. అలాంటివాళ్ళు ఖాళీ సంచి ఒకటి పెట్టుకుని, అక్కడే నీళ్ళు నింపి తాడుకి తగిలించి వాలతారు. సంచి నీళ్ళలో ఉన్నంతసేపూ దానికి బరువే లేదు. పూర్తిగా నీళ్ళపైకి ఎత్తుకున్నాకే అది పడవని లాగడం మొదలుపెడుతుంది. వాలే మనిషి నడుము నీళ్ళకి తగులుతున్నా ఇదే నష్టం. అందుకే తాడు పొట్టిగా పట్టుకుని, మోకాళ్ళు వంచకుండా, ఒళ్ళు నీటిమట్టానికి కాస్త పైన ఉండేలా వాలాలి.